ఇరవై అడుగుల గోడ

ఎం.ఎఫ్.ఏ. చివరి పరీక్షకు ప్రశ్నపత్రం ఉండదు. ఒక గోడ ఇస్తారు. రెండేళ్లు చేసిన పనిని దాని మీద పెట్టుకోవాలి. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ దాని ముందు నిలబడి అడుగుతారు, మనం జవాబు చెప్పాలి. దీన్నే మేం ఫైనల్ డిస్‌ప్లే అంటాం. మార్కులు పడ్డాక అమ్మానాన్నలూ, దారినపోయేవాళ్లూ వచ్చి చూడొచ్చు.

హైదరాబాద్‌లో మా బ్యాచ్ గోడల కోసం చీటీలు వేసుకుంది. నాకు కిటికీకి ఎదురుగా ఉన్న 20 అడుగుల గోడ వచ్చింది. మంచి వెలుతురని సంబరపడ్డాను. ఫ్రేములు ఎక్కించాక చూస్తే ప్రతి అద్దంలోనూ అదే కిటికీ!

నాది ప్రింట్‌మేకింగ్, అందులోనూ ఎచింగ్. జింకు రేకుకు మైనం కలిసిన పూత పూసి, దాని మీద సూదితో గీస్తాం. గీసినచోట పూత లేచిపోతుంది. రేకును నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో ముంచితే ఆ గీతల్నే యాసిడ్ తింటుంది. ఆ గాళ్లలో సిరా నింపి, పైన అంటినదంతా తుడిచి, కాగితం వేసి ప్రెస్సులో తిప్పితే బొమ్మ దిగుతుంది. కాగితం తడిగా ఉండాలి. ఎండు కాగితం గీతలోకి దిగదు, సిరా పట్టదు. రెండేళ్లు నేను రోజూ చేసిన పని కాగితాలు తడపడమే అనుకోండి.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్ బరోడా వెళ్లి ఈ పని నేర్చుకుని, మన పల్లె మనుషుల్నీ మేకల్నీ రేకు మీదికి ఎక్కించారు. ఆయన బొమ్మలు చూశాకే మా ఇంటి చాట కూడా బొమ్మవుతుందన్న ధైర్యం వచ్చింది. మా అమ్మ నిజామాబాద్ దగ్గర పల్లెలో బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట, అందులో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యికి లెక్క. నా ప్రింట్లన్నీ ఆ చేతులవే.

మొత్తం 22 చేశాను. అన్నీ పెడదామనే అనుకున్నాను. మాకు పాఠం చెప్పే మేడమ్ వాటిని నేల మీద వరసగా పరిపించి, మాటా పలుకూ లేకుండా ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. తొమ్మిది మిగిలాయి. ఏడుపొచ్చింది. లెక్క వేస్తే తెలిసింది: గోడ 240 అంగుళాలు, ఫ్రేము వెడల్పు 20. తొమ్మిదికి 180 పోతే 60 మిగులుతాయి, పది సందులకు తలా ఆరు. ఇంకొక్కటి ఇరికించినా సందు నాలుగు అంగుళాల లోపుకు పడిపోతుంది.

ఎత్తుకూ లెక్కుంది. బొమ్మ నడిమధ్య నేలకు 58 అంగుళాల దగ్గర ఉంటే నిలబడినవాళ్ల కంటికి ఎదురుగా వస్తుంది. నా ఫ్రేము ఎత్తు 24, అందులో సగం 12. వెనక తీగ బిగిసినప్పుడు పై అంచుకు మూడు అంగుళాలు కిందుంటుంది. 58కి 12 కలిపి మూడు తీస్తే 67. అక్కడ మేకు కొట్టాలి. నేనలాగే తొమ్మిది మేకులూ నేల నుంచి కొలిచి కొట్టాను. వరస మొత్తం కుడికి జారింది. నేలే వాలుగా ఉంది మరి! రాత్రి పదింటికి మేకులన్నీ పీకి, బొక్కల్లో పుట్టీ నింపి, ఆ చివర నుంచి ఈ చివరకు దారం లాగి, రసమట్టం పెట్టి మళ్లీ కొట్టాం. కిటికీకి పాత తెల్లపంచె కట్టాం. అద్దాలు కొంత శాంతించాయి.

గోడ కింద ఒక చాట పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన తునికాకు అందులో పోశాను. ఎగ్జామినర్ ప్రింట్లన్నీ చూసి, చాట దగ్గర ఆగి, “ఇదెందుకు?” అన్నారు. “వాతావరణం కోసం సార్” అన్నాను. ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. ఆ మాట నాకే నచ్చలేదు.

మర్నాడు అమ్మ వచ్చింది. ప్రింటు కింద పెన్సిల్‌తో రాసిన 3/10 చూసి, “కడమ తొమ్మిది యాడున్నయి?” అంది. ఒకే రేకు నుంచి పది తీశాననీ, ఇది మూడోదనీ చెప్పాను. గోడకెక్కని పదమూడింటి సంగతీ చెప్పాను. “కార్ఖానాల గూడ గంతే, మంచిగ లేనియి తీసి పక్కకేస్తరు” అంది, ఓదార్పేమీ లేకుండా. తర్వాత చాట ముందు కూర్చుని ఆకు వేళ్లతో నలిపింది. ఫ్యాను గాలికి అది పెళపెళలాడుతోంది.

“ఆకు గిట్ల ఎండవెడ్తరా బిడ్డా? కత్తెర వెడ్తే పలుగుతది. చెంబెడు నీళ్లు తే.”

“అది చూసేటందుకు పెట్టిందమ్మా.”

“చూసేటందుకైతే ఎండాల్నా?”

నీళ్లు చల్లి, ఆకు సర్ది, నా సిరా తుడుచుకునే గుడ్డల్లో శుభ్రమైనది అడిగి తడిపి పైన కప్పింది. చూడొచ్చిన వాళ్లు అదీ డిస్‌ప్లేలో భాగమే అనుకుని చుట్టూ నిలబడ్డారు. నేను కాదనలేదు. ఉన్నన్నాళ్లూ పొద్దున్నే ఆ గుడ్డ తడిపాను.

దించిన రోజు తొమ్మిది బొక్కలకు పుట్టీ పెట్టి సున్నం రాశాం. నల్లబడినవి పోగా మిగిలిన ఆకు అమ్మ పట్టుకుపోయింది. కార్ఖానా ఇచ్చే ఆకుకు ఇన్ని బీడీలని లెక్కుంటుంది, నేను తెచ్చింది ఆ లెక్కలోని ఆకే. దానితో మూడు కట్టలయ్యాయట. గుర్తుగా ఒక కట్ట ఇవ్వమని ఫోన్‌లో అడిగాను. ఇవ్వనంది, లెక్క తక్కువొస్తదని.