ఆటలో మారుపేరు

'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా వచ్చునది స్థానం నరసింహారావుగారేనని ప్రేక్షకులందరికీ తెలియును. 1956లో పద్మశ్రీ పొందిన ఆ నటుని పేరు చూచియే జనము టిక్కెట్టు కొనెడివారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' వ్రాసినప్పుడు తెర కొంత మందమైనది. అయినను ఆ పేరు పాఠకుని ఏమియు అడుగలేదు.

నేడు అమలాపురమున ఒక యువకుడు సెల్‌ఫోను ఆటలో ఆడపేరు పెట్టుకొనును, సరదాకు. రాజోలులో ఒక అమ్మాయి మగపేరు పెట్టుకొనును, వెకిలి మాటలు తప్పించుకొనుటకు. ఆమెను తప్పుపట్ట నాకు నోరు రాదు. రాత్రుల తరబడి కలిసి ఆడిన తోడు 'ఓసారి కలుద్దామండీ' అన్నప్పుడే చిక్కు వచ్చును. అంతవరకు అది వేషము. అప్పటికిని నిజము చెప్పకున్నచో, ఎదుటివారి మనసును వారికి తెలియకయే ఆటలో పందెము పెట్టినట్లగును. రేడియోలో పనిచేయు మాకిది క్రొత్త గాదు. గొంతు మాత్రము విని మనిషిని ఊహించుకొన్న ఉత్తరములు ఎన్నో చూచితిమి. ఆ ఊహను తెలిసి తెలిసి పెంచినచో తప్పు మాదే యగును.

ఆ మారుపేరుతో మోసగించి డబ్బు లాగినచో, సమాచార సాంకేతిక చట్టము 66డి సెక్షను క్రింద 3 ఏండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. డబ్బు పోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.