బెంగాలీల చేపల ఝోలు, ఉప్పుడు బియ్యపు అన్నము

చేపల కూర అనగానే మన ప్రాంతము వారికి చింతపండు పులుసే స్ఫురిస్తుంది. చింతపండు లేకుండా చేపను వండవచ్చునంటే మన ఇళ్ళలోని పెద్దలు సులభముగా నమ్మరు. కాని పెద్దపల్లి మీదుగా బల్లార్షాకు పోయే రైలుమార్గములో గల సిర్పూర్ కాగజ్‌నగర్ పరిసరములలో, తూర్పు పాకిస్తాను నుండి శరణార్థులై వచ్చిన బెంగాలీల గ్రామములున్నవి. అందొక ఊరి పేరు నజ్రుల్‌నగర్. కవి కాజీ నజ్రుల్ ఇస్లాం పేరు మన పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో నిలవడానికి కారణము ఈ శరణార్థులే. వీరిలో పలువురు నమశూద్రులు. పశ్చిమ బెంగాలులో షెడ్యూల్డు కులముగా గుర్తింపు గల ఆ కులము తెలంగాణ జాబితాలో లేదు. కులధ్రువపత్రము రాష్ట్రపు పొలిమేర దాటకపోయినా, వంట మాత్రము వారి వెంట వచ్చింది.

ఆ వంటలో ప్రధానమైనది 'మాఛేర్ ఝోల్'. మాఛ్ అనగా చేప, ఝోల్ అనగా పలుచని రసము. అరకిలో రవ్వ చేప ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి కొంతసేపు ఉంచాలి. మూకుడులో ఆవనూనె పోసి సన్నని పొగ లేచేవరకు కాచాలి. ఈ మెట్టును విడువరాదు. పచ్చి ఆవనూనెలోని ఘాటు ముక్కుకెక్కుతుంది. బాగా కాగితేనే అది తగ్గి, నూనె రంగు తేలిపడుతుంది. ఆ నూనెలో ముక్కలను రెండు వైపులా వేయించి తీసివేస్తారు. మనము పచ్చి ముక్కలను మరిగే పులుసులో వేస్తాము. ఝోలులో ముక్క చెదరకుండా ఉండుటకు ముందుగా వేయించుటే ఉపాయము.

మిగిలిన నూనెలో కలోంజి, చీల్చిన పచ్చిమిరపకాయలు వేసి, పొడవుగా తరిగిన రెండు ఆలుగడ్డలు వేయించి, అల్లము, జీలకర్ర ముద్ద, పసుపు కలిపి, ముక్కలు మునిగేటంత నీరు పోస్తారు. ఆలుగడ్డ మెత్తబడిన పిమ్మట చేపను వేసి అయిదారు నిమిషాలు మరిగించి, కొత్తిమీర చల్లి దించుతారు. ఉల్లి, వెల్లుల్లి వేయని ఇళ్ళు అనేకము. మన ఇళ్ళలో అచారుకు వాడే కలోంజియే ఇక్కడ ఆ రసానికి పరిమళమిస్తుంది.

చేప విషయములో వారికీ మనకూ భేదము లేదు. రవ్వ, బొచ్చె స్వతహాగా గంగానది నీటి చేపలు. ఇవి నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు; పూర్వము పిల్లలను నదులలో పట్టి తేవలసి వచ్చేది. 1957లో కటకములో హీరాలాల్ చౌధురి అను బెంగాలీ శాస్త్రజ్ఞుడు సూదిమందుతో వీటిచేత గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యుడైన పిదపనే చేపపిల్లలు చెరువు చెరువుకూ అందినవి. నేడు కొల్లేరు ప్రాంతపు చేపలు మంచుగడ్డలలో కలకత్తాకు పోవుచున్నవి!

ఇక అన్నము. సుల్తానాబాదు విద్యార్థులకు ఉప్పుడు బియ్యమును గూర్చి చెప్పనక్కరలేదు. మిల్లుల ప్రక్కనే నడిచి కళాశాలకు వచ్చేవారు ఎందరో. యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువవుతుంది. అందుచేత నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తారు. వడ్లలోని పిండిపదార్థము గట్టిపడి, గింజలోని పగుళ్ళు పూడిపోతాయి. ఈ బియ్యమును మనము తినము, పరరాష్ట్రములకు పంపుతాము. బెంగాలులోనో, అదే నిత్యభోజనము. దానికి కారణము ఝోలును కలుపుకొని చూస్తే తెలుస్తుంది. ఉప్పుడు బియ్యపు మెతుకు ఎంత పలుచని రసము పోసినా ముద్దకాదు, విడివిడిగా నిలుస్తుంది. మన పచ్చిబియ్యపు అన్నమునకు చిక్కని పులుసు సరిపోయినట్లే, ఈ మెతుకునకు ఆ నీళ్ళ కూర సరిపోయింది.

ఒక హెచ్చరిక: పులుసు మరునాటికి మరింత రుచిస్తుంది, ఝోలు అలా కాదు, వండిన పూటనే తినవలె.