టక్కులున్న ట్యాబ్

ఆడపిల్లకు పరికిణీ కుట్టించేటప్పుడు కింద రెండు టక్కులు వేయమని దర్జీకి చెప్పడం మన ఇళ్లలో అలవాటే. పిల్ల ఎదిగాక ఒక కుట్టు విప్పితే చాలు, అదే పరికిణీ ఇంకో ఏడాది వస్తుంది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అలాంటిది. రాసినవాళ్లు తమ సోర్స్ కోడ్‌ను అందరి ముందూ పెడతారు. ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. మామూలు వ్యాపార యాప్‌లకు ఈ టక్కులుండవు.

ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే అంతా ఓపెన్ సోర్సే అనుకుంటారు చాలామంది. సగమే నిజం. దాని అడుగున ఉన్న లైనక్స్ కెర్నెల్, ఆండ్రాయిడ్ మూల వ్యవస్థ ఓపెన్ సోర్సే. పైన కూర్చున్న ప్లే స్టోర్ కాదు. పాఠాలు చెప్పే యాప్ సంగతి వేరుగా చూసుకోవాల్సిందే. బడికి అసలు ముఖ్యం అదే.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు ఎక్కించిన ట్యాబ్‌లు ఇచ్చింది. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబ్‌లోకి ఎక్కించిన పాఠం అంతమాత్రాన చెరిగిపోదు. కానీ రేపు సిలబస్ మారితే ఆ పాఠాన్ని దిద్దే హక్కు ఊళ్లోని లెక్కల మాస్టారికి ఉండదు. ఆయనకు లెక్కలు రాక కాదు, కుట్టు విప్పే వీలు లేక.

దీనికి ఎదురుగా టాంజానియా కథ ఉంది. 2014లో ప్రకటించిన గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీ మొత్తం 1.5 కోట్ల డాలర్లది. పిల్లలు తమంతట తామే చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేయాలి. తుది పోటీకి మిగిలిన అయిదు జట్లలో బెంగళూరు చింపుల్ కూడా ఒకటి. టాంజానియాలోని టాంగా ప్రాంతంలో దాదాపు 170 ఊళ్లలో, మూడు వేల మంది దాకా పిల్లలకు ట్యాబ్‌లిచ్చి 15 నెలలు చూశారు. చార్జింగ్‌కు సౌర విద్యుత్ కేంద్రాలు పెట్టారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది బడి మొహం చూడనివాళ్లు. మొదట్లో నూటికి తొంభై మందికి పైగా అక్కడి స్వాహిలి భాషలో ఒక్క మాటైనా చదవలేకపోయారు. చివరికి అలాంటివాళ్లు సగానికి తగ్గారు. మిగతా సగానికి చదువు రాలేదనే సంగతీ మరవకూడదు. పంతులు లేని లోటును ట్యాబ్ పూర్తిగా తీర్చలేదు.

2019లో కిట్‌కిట్ స్కూల్, వన్‌బిలియన్ అనే జట్లు బహుమతిని పంచుకున్నాయి. అయితే నాకు గెలుపు కన్నా పోటీ షరతు నచ్చింది. తుది పోటీకి వచ్చిన అయిదు జట్లూ తమ కోడ్‌ను బయట పెట్టాలి. ఓడిన జట్ల శ్రమ కూడా అందరి సొత్తయింది.

నెట్ రాని బడికి మరో దారి కొలిబ్రి అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఒక చిన్న కంప్యూటర్‌లో పాఠాలన్నీ నింపి పెడితే, తరగతిలోని ట్యాబ్‌లు వైఫైతో దాన్నుంచే అందుకుంటాయి. బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను కూడా ఇలాగే దించుకోవచ్చు.

ఓపెన్ సోర్స్ అంటే ఖర్చు లేదని కాదు. లైసెన్సు రుసుము మిగులుతుంది, మనుషుల పని మిగలదు. స్వాహిలి రాసేది రోమన్ లిపిలో. టాంజానియా పోటీలోని యాప్‌ను తెలుగుకు తేవాలంటే మాటలు మారిస్తే సరిపోదు. అక్షరం దిద్దించే భాగాన్నే మళ్లీ రాయాలి. తలకట్టు ఎక్కడ మొదలవుతుంది, గుడి ఎటు తిరుగుతుంది, 'క్ష' దిద్దేటప్పుడు వేలు ముందు ఎక్కడ పెట్టాలి అన్నవి తెర మీద పిల్లకు కనపడాలి. ఇవన్నీ కోడ్ రాసేవాడికి ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది ఒకటో తరగతి టీచరమ్మే.