ఖాళీగా తిరిగే మోటారు ఎంత కరెంటు తింటుంది?

నాచారంలో లేతు మిషన్లు నడిపే పాఠకుడొకరు అడిగారు: "సెన్సర్లు పెట్టి అంతా ఫోన్‌లో చూసుకుంటే కరెంటు బిల్లు, కాలుష్యం రెండూ తగ్గుతాయంటున్నారు. నిజమేనా?" నిజమే. కాకపోతే సెన్సర్ ఏది కొలుస్తోందో ముందు తెలియాలి.

ఈ కరెంటు సెన్సర్ మన ఎలక్ట్రీషియన్ల టాంగ్ టెస్టర్‌కు తమ్ముడు. తీగ తెంచక్కర్లేదు, చుట్టూ తగిలిస్తే చాలు. తీగలో కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. దాంతోపాటే చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రమూ మారుతుంటే సెన్సర్‌లోని తీగచుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే పట్టుకున్న కిటుకు ఇదే. ఫేజు, న్యూట్రల్ రెండిటినీ కలిపి పట్టుకున్నారా, సున్నా! ఎదురెదురు కరెంట్ల క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొత్తవాళ్లు మీటరు పాడైందనుకుంటారు గానీ, ఇళ్లలో షాక్ నుంచి కాపాడే ఆర్‌సీసీబీ ఈ సున్నాను నమ్ముకునే పనిచేస్తుంది. కరెంటు ఎక్కడైనా నేలలోకి కారితే సున్నా చెడుతుంది, స్విచ్ పడిపోతుంది.

చదువుకున్నవాళ్లు చేసే పొరపాటు వేరే ఉంది. కొన్ని చవక సెన్సర్లు ఆంపియర్లు మాత్రమే కొలిచి, వోల్టేజితో గుణించి, అదే వాడకమంటాయి. మూడు ఫేజుల మోటారు పనేమీ లేకుండా తిరుగుతూ 10 ఆంపియర్లు లాగుతోందనుకోండి. 415 వోల్టుల దగ్గర మూడు ఫేజులకూ కలిపి ఈ లెక్కకు 7.2 కిలోవాట్లు వస్తుంది. కానీ ఆ కరెంటులో ఎక్కువ భాగం మోటారు లోపలి అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టి మళ్లీ లైనులోకే వెళ్లిపోతుంది. ఆ లెక్కలో నిజంగా ఖర్చయ్యే వాటా, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.2 అయితే అసలు ఖర్చు 1.4 కిలోవాట్లే! గంటసేపు ఆపితే యాప్ 7 యూనిట్లు మిగిలాయంటుంది, మిగిలేది ఒకటిన్నర కూడా కాదు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, గంటకు 4 కిలోలు యాప్‌లోనే తగ్గుతాయి. అలాగని ఆ తిరుగు కరెంటు ఉచితమేమీ కాదు. తిరుగు కరెంటునూ కలిపే కేవీఏహెచ్ లెక్కన బిల్లు వేసే కనెక్షన్లకు దానికీ డబ్బు కట్టాలి. అందుకు మందు కెపాసిటర్లు, యాప్ కాదు.

లోపాలు, కాలుష్యం లేని తయారీ కోసం పెట్టిన 'జెడ్' సర్టిఫికెట్ ఫీజులో కేంద్రం సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం రాయితీ ఇస్తోంది. మంచిదే, కానీ గోడకు తగిలించిన సర్టిఫికెట్ పవర్ ఫ్యాక్టర్ చెప్పదు. ఉస్మానియా క్యాంపస్‌లో ఎలక్ట్రికల్ చదివే పిల్లలకు ఈ లెక్క కొట్టిన పిండి. తార్నాక దాటితే నాచారమే కదా, ప్రాజెక్టు కోసం ఒక్క షెడ్డులో మీటరు పెట్టి చూడరాదూ? పాఠక మిత్రులు మాత్రం సెన్సర్ అమ్మేవాణ్ణి ముందు ఒకటే అడగండి: "ఇది పవర్ ఫ్యాక్టర్ కొలుస్తుందా?"