ఆకాశం నుంచి పడిన రాయికి అయస్కాంతం తగిలించవద్దు

పొలంలో వింతైన నల్లరాయి ఒకటి దొరికిందనుకుందాం. అది ఆకాశం నుంచి పడిన ఉల్కాశిలో కాదో తెలుసుకోవడానికి మనలో చాలామంది మొదట చేసే పని, అయస్కాంతం తెచ్చి తగిలించి చూడటం. చాలా ఉల్కాశిలల్లో ఇనుము, నికెల్ ఉంటాయి కాబట్టి అంటుకుంటే ఉల్కాశిల అని అనుమానిస్తాం. ప్రపంచమంతటా ఎన్నో ఏళ్లుగా ఈ పరీక్షే చేస్తున్నారు. కానీ ఆ ఒక్క తాకిడితో కోట్ల సంవత్సరాల చరిత్ర చెరిగిపోవచ్చునని చాలామందికి తెలియదు. అదెలాగో మిత్రులకు చెప్పాలనే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

రాతిలో రాత ఎలా పడుతుంది?

సూదిని అయస్కాంతంతో రుద్దితే సూది కూడా అయస్కాంతం అవుతుందని చిన్న తరగతుల్లోనే చేసి చూశాం. రాళ్లలోనూ మాగ్నెటైట్ వంటి ఖనిజాల సూక్ష్మ రేణువులుంటాయి. బాగా వేడెక్కిన రాయి చల్లారేటప్పుడు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటే, ఆ రేణువులు దానికి అనుగుణంగా అయస్కాంతత్వం పొందుతాయి. మాగ్నెటైట్ విషయంలో 580 డిగ్రీల సెల్సియస్ కంటే ఉష్ణోగ్రత తగ్గినప్పటి నుంచి ఇది మొదలవుతుంది. అలా పడిన ముద్ర వందల కోట్ల ఏళ్లు నిలిచి ఉండగలదు. ఆ ముద్రను కొలిచి, ఆ రాయి పుట్టినచోట అప్పట్లో అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉండేదో శాస్త్రజ్ఞులు అంచనా వేస్తారు.

మరి ఉల్క మండుతూ కదా వస్తుంది, ఆ వేడికి ముద్ర పోదా అని సందేహం రావచ్చు. వాతావరణంలో ఆ ప్రయాణం కొద్ది సెకన్లలో ముగిసిపోతుంది. పైన పలుచని పొర మాత్రమే కరిగి నల్లని పెంకు అవుతుంది. లోపలి భాగం చల్లగానే ఉంటుంది. అంటే, ఆకాశంలో అగ్నిపరీక్షకు తట్టుకున్న ముద్ర మన చేతిలోని అయస్కాంతానికి తట్టుకోలేదన్నమాట!

రెండు రాళ్ల కథ

అంగారక గ్రహం నుంచి వచ్చిన రెండు రాళ్ల సంగతి చూస్తే ఈ విషయం బాగా తెలుస్తుంది.

మొదటిది అలన్ హిల్స్ 84001. 1984 డిసెంబరులో అంటార్కిటికా మంచు మీద అమెరికా పరిశోధకులకు దొరికింది. బరువు సుమారు 1.9 కిలోలు. దానిని జాగ్రత్తగా సేకరించి, హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రానికి చేర్చారు. అందువల్ల దానిలో ముద్ర నిలిచింది. అంగారకుడి నుంచి భూమికి వచ్చిన ప్రయాణంలో ఆ రాయి లోపలి భాగం 40 డిగ్రీలకు మించి వేడెక్కలేదని 2000 సంవత్సరంలో తేల్చింది ఆ ముద్ర ఆధారంగానే. సుమారు 400 కోట్ల ఏళ్ల కిందట అంగారకుడికి అయస్కాంత క్షేత్రం ఉండేదనడానికి కూడా ఈ రాయి ముఖ్యమైన సాక్ష్యం. నేడు ఆ గ్రహానికి భూమికున్నట్టు గ్రహమంతా వ్యాపించిన క్షేత్రం లేదు.

రెండవది 2011లో సహారా ఎడారి నుంచి బయటపడిన 'బ్లాక్ బ్యూటీ'. బరువు సుమారు 320 గ్రాములు. ఇందులో 440 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ రేణువులున్నాయి. అంగారకుడి అయస్కాంత క్షేత్రం ఎప్పుడు, ఎలా అంతరించిందో చెప్పగల అరుదైన రాయి ఇది. కానీ చేతులు మారే క్రమంలో దీనికీ, దీని జత రాళ్లకూ అయస్కాంతాలు తగిలాయి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో వాటి సహజ ముద్ర చెరిగిపోయినట్టు తేలింది. దాని రసాయన నిర్మాణం, వయసు చెక్కుచెదరలేదు. అయస్కాంత చరిత్ర మాత్రం పోయింది. ఇక ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు.

ఎందుకు చెరుగుతుంది?

మన పాత విద్యార్థులకు టేప్ రికార్డర్ క్యాసెట్లు గుర్తుండే ఉంటాయి. క్యాసెట్ పక్కన బలమైన అయస్కాంతం పెడితే పాట పాడైపోయేది. ఇదీ అంతే. చిన్న నియోడిమియం బిళ్ల అయస్కాంతం దగ్గర క్షేత్రం భూమి క్షేత్రం కంటే వేల రెట్లు ఎక్కువ. అది తాకగానే రేణువుల పాత ముద్ర పోయి కొత్త ముద్ర పడుతుంది. దూరం పెరిగేకొద్దీ అయస్కాంత ప్రభావం వేగంగా తగ్గుతుంది కనుక పెద్ద రాయిలో లోతున కొంత ముద్ర మిగలవచ్చు. చిన్న రాయిలో మొత్తం పోతుంది.

మనం ఏం చేయాలి?

1. అనుమానం ఉన్న రాయికి అయస్కాంతం తగిలించవద్దు. నల్లని పలుచని పెంకు ఉందా, పరిమాణానికి మించిన బరువు ఉందా అని ముందు చూడాలి. ప్రయోగశాలల్లో అతి బలహీనమైన క్షేత్రంతో పనిచేసే ససెప్టిబిలిటీ మీటరు ఉంటుంది. దానితో ముద్రకు హాని లేకుండా పరీక్షించవచ్చు.

2. స్పీకర్లకు, సెల్‌ఫోన్లకు, మోటార్లకు దూరంగా ఉంచాలి.

3. సుత్తితో కొట్టరాదు, కాల్చరాదు, నీళ్లతో కడగరాదు. దెబ్బ, వేడి, తుప్పు కూడా ముద్రను మార్చగలవు.

4. తీయకముందే ఫోటో తీసి, చోటు, తేదీ రాసుకోవాలి. శుభ్రమైన, పొడి సంచిలో పెట్టాలి.

5. ఎవరైనా అప్పటికే అయస్కాంతం తగిలించి ఉంటే దాచకుండా చెప్పాలి. ఆ సమాచారం కూడా పరిశోధకులకు అవసరమే.

మన దేశంలో ఉల్కాశిలలను సేకరించి అధ్యయనం చేసే ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.

మిత్రులారా! ఉల్కాశిల ప్రయోగశాల గుమ్మం ముందు చూసుకుని పడదు. పొలంలో పడుతుంది, చెరువు గట్టున పడుతుంది. దానిని మొదట చూసేది రైతో, కూలీయో, పశువుల కాపరో. అంటే మన అమ్మానాన్నలే కావచ్చు. వందల కోట్ల ఏళ్ల చరిత్ర మిగలడమా, పోవడమా అన్నది ఆ మొదటి చేతుల్లోనే ఉంటుంది. కనుక సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ ఒక్క మాట మన ఊళ్లో చెబుదాం.