దురద దొంగ ఎవరు?

దురద ప్రాణం తీసే జబ్బు కాదు. అందుకే దాన్ని జబ్బుగా ఎవరూ లెక్కపెట్టరు. ఏళ్ల తరబడి రాత్రిళ్లు నిద్ర లేకుండా గోక్కునే మనిషిని అడిగితే గానీ ఆ బాధ తెలీదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాస్తే నాలుగురోజులు తగ్గుతుంది, మానేస్తే మళ్లీ మొదలు. దొంగ ఇంట్లోనే ఉండగా తలుపుకు తాళం వేసినట్టుంటుంది ఈ వైద్యం.

ఇంతకీ దొంగలెవరు? మన చుట్టూ ఉన్న వస్తువులే. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరులో నూలు, రంగులు ఎన్నో ఇళ్లకు బతుకుతెరువు. ఆదోని పత్తికి పేరుపొందిన ఊరు. రెండూళ్ల మధ్య బీళ్లలో, రోడ్ల పక్కన వయ్యారిభామ. 1950 దశకంలో పుణె ప్రాంతంలో మనవాళ్ల కంటపడిన ఈ మొక్క ఇప్పుడు దేశమంతా వ్యాపించింది. దాని పొడి గాలిలో కలిసి రెప్పలమీద, మెడమీద, మోచేతి మడతల్లో దద్దు తెస్తుంది. సిమెంటులో క్రోమియం, గిల్టు నగల్లో నికెల్, తలకు వేసుకునే నల్లరంగులో పారాఫెనిలీన్ డయామిన్, చెప్పుల రబ్బరులో కలిపే రసాయనాలు కూడా కొందరికి పడవు. విచిత్రమేమంటే, పుండుకు రాసే నియోమైసిన్ మందే కొందరికి దురద తెస్తుంది!

పడని వస్తువు తగిలిన వెంటనే ఈ దద్దు రాదు. ఒకటి రెండు రోజులు పడుతుంది. సోమవారం తగిలినదానికి బుధవారం గోక్కుంటూ, మధ్యలో తిన్న వంకాయను తిట్టుకుంటాం.

ఈ ఆలస్యాన్నే ఆధారం చేసుకుని 1895లో యాడసోన్ అనే జర్మన్ వైద్యుడు ప్యాచ్ టెస్టును చూపించాడు. అనుమానమున్న పదార్థాలను తగిన పాళ్లలో కలిపి, చిన్న చిన్న గిన్నెల్లో పెట్టి, వీపుమీద పట్టీతో అంటిస్తారు. సూదులుండవు. 48 గంటలు వీపు తడపకూడదు, చెమట పట్టే పని చెయ్యకూడదు. తర్వాత పట్టీ తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూస్తారు. ఎర్రబడి ఉబ్బిన చోట ఏ పదార్థం పెట్టారో, అదే అనుమానితుడు. అంతమాత్రాన దోషి కాదు. రోగి పనికీ, దద్దు వచ్చిన చోటికీ అది సరిపోవాలి. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. లేకుంటే ఫలితం తప్పుతుంది. ఇంట్లో ఎవరికివారు రంగో ఆకో వీపుకు కట్టుకుంటే చర్మం కాలుతుంది.

అన్ని దురదలకూ ఈ పరీక్ష పనికిరాదు. రాత్రిపూట ఇంటిల్లిపాదీ గోక్కుంటుంటే ముందు గజ్జి సంగతి చూడాలి.

రంగులద్దే కార్మికుడికి “ఆ పని మానెయ్యి” అని చెప్పడం సులువు. “మానేస్తే తినేదెట్ల?” అంటాడతను. ఆ ప్రశ్నకు ఈ పరీక్ష దగ్గర కొంత జవాబుంది. పది రంగుల్లో పడనిది ఒకటే అని తేలితే, దాన్నొక్కదాన్ని వదిలి మిగతా తొమ్మిదితో బతకొచ్చు. రబ్బరు పడనివాడికి రబ్బరు తొడుగు బదులు వేరేది ఇవ్వొచ్చు.

పరీక్ష కోసం చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి రెండు మూడుసార్లు తిరగాలి, నిజమే. కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. కానీ ఏళ్లపాటు ట్యూబులు కొనే ఖర్చుతో పోల్చి చూడండి. మన ఇళ్లల్లో గోక్కుంటున్న పెద్దవాళ్లకు ఈ నాలుగు మాటలు చెప్పడం చదువుకున్న మనకు భారం కాదు.