కోడి గురకను జలుబనుకోవద్దు

వానలు ముఖం చాటేసి శనక్కాయ చేతికి రాని ఏడు అనంతపురం జిల్లాలో చాలా ఇళ్లను ఆదుకునేవి గొర్రెలు, పెరట్లోని నాలుగు కోళ్లే. ఆ కోళ్లు ఉన్నట్టుండి తుమ్ముతూ, నోరు తెరిచి గాలి పీలుస్తూ, రాత్రిపూట గురగురమంటుంటే జలుబేలే అని వదిలేయకండి. అది ఇన్‌ఫెక్షియస్ బ్రాంకైటిస్ కావచ్చు. 1931లో అమెరికాలో మొదట వెల్లడైన ఈ రోగానికి కారణం కోళ్లకు సోకే కరోనా వైరస్. ఇది మనుషులకు అంటదు.

లోపలికి ఎలా దూరుతుంది?

ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర, దాని మీద ముళ్లు ఉంటాయి. కోడి గాలిగొట్టం లోపలి కణాల మీద సియాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థం ఉంటుంది. ముల్లు కొన దాన్ని పట్టుకుంటుంది. ముల్లు మొదలు వైరస్ పొరను, కణం పొరను కలిపేస్తుంది. అంతే, వైరస్ సరుకు కణంలోకి చేరి తనలాంటి వైరస్‌లను వేలకొద్దీ తయారుచేయిస్తుంది. గల్లను బయటికి నెట్టే సన్నని నూగు దెబ్బతింటుంది. గురక అందుకే.

కొన్ని రకాలు మూత్రపిండాలకు, గుడ్డు తయారయ్యే గొట్టానికీ పాకుతాయి. గుడ్లు తగ్గుతాయి, పెంకు ముడతలు పడుతుంది, తెల్లసొన నీళ్లలా పలచనవుతుంది. పిల్లప్పుడే సోకితే ఆ పెట్ట పెద్దదయ్యాక గుడ్డే పెట్టకపోవచ్చు.

మీరు చేయాల్సింది

వైరస్‌ను చంపే మందు లేదు. యాంటీబయాటిక్ మందులు ఆ తర్వాత చేరే సూక్ష్మక్రిములకే పనికొస్తాయి. కాబట్టి రాకముందే అడ్డుకోవాలి.

* సంతలో కొన్న కోడిని మూడు వారాలైనా వేరే గంప కింద ఉంచండి.

* రెట్ట గీకేసి గంపలు, నీళ్ల మూకుళ్లు సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టండి. సబ్బుకు కొవ్వు పొర చెదిరిపోతుంది. పొర పోతే వైరస్ కణానికి అంటుకోలేదు.

* చలి రాత్రుల్లో పిల్లలకు వెచ్చదనం ఇవ్వండి.

* పిల్లలకు మొదటి వారాల్లోనే టీకా వేయించండి. ముళ్లు మారిన రకాలు చాలా ఉన్నాయి, ఒకే టీకా అన్నింటినీ ఆపలేదు. ఏది వేయాలో పశువైద్యుణ్ణి అడగండి. సీసాలో వందల మోతాదులుంటాయి కనుక నలుగురు కలిసి తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుంది.

కొక్కెర తెగులులోనూ గురక ఉంటుంది. దాని టీకా వేరు. రోగమేదో తేలాలంటే జబ్బు కోడిని విడిగా బుట్టలో పెట్టి దగ్గరి పశువైద్యశాలలో చూపించండి. సంతకు మాత్రం తోలకండి.